తలకు దెబ్బ: గాయం కనబడకపోయినా గమనించవలసినవి

ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవారి గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లో ఒకే సందేహం పలు రూపాల్లో కనబడుతోంది. మనిషి లేచి నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు; అయినా లోపల ఏదైనా జరిగి ఉంటుందా, ఉంటే ఇంట్లోవాళ్లకు ఎలా తెలుస్తుంది? వాటిలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను. ఇవి అవగాహన కోసం రాసినవి మాత్రమే. ప్రస్తుతం మీ ఎదురుగా ఉన్న మనిషి విషయంలోనే సందేహం ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఆస్పత్రికి బయలుదేరండి.

ప్రశ్న: మా చిన్నాన్నగారి అబ్బాయి, నాకు తమ్ముడు వరస, బైకు మీద నుంచి పడ్డాడు. హెల్మెట్ లేదు. కాసేపు స్పృహ తప్పిందట. తర్వాత తనే లేచి, బండి పక్కన పెట్టించి, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాడు. చెవి పైభాగాన చిన్న బొప్పి తప్ప గాయం లేదు. తలనొప్పిగా ఉందని పడుకున్నవాణ్ని కొన్ని గంటల తర్వాత లేపబోతే లేవలేదు. అత్యవసరంగా ఆపరేషన్ చేసి రక్తపు గడ్డ తీశారు, ప్రాణం దక్కింది. అంత చక్కగా మాట్లాడిన మనిషికి అలా ఎందుకు అయింది? ముందే గుర్తించే వీలుందా?

జవాబు: మీ తమ్ముడికి జరిగినది, మీరు రాసిన వివరాలను బట్టి, ఎక్స్‌ట్రాడ్యూరల్ లేదా ఎపిడ్యూరల్ రక్తస్రావం అని వైద్యులు పిలిచేది అయి ఉంటుంది. చెవికి పైన, కణత వద్ద పుర్రె ఎముక మిగతా చోట్ల కంటే పలచగా ఉంటుంది. దాని లోపలి వైపు ఒక గాడిలో ఒక ధమని నడుస్తుంది. ఎముక చిట్లినప్పుడు ఆ ధమని కూడా తెగితే, పుర్రెకూ మెదడును కప్పి ఉంచే గట్టి పొరకూ మధ్య రక్తం చేరడం మొదలవుతుంది. ఆ క్షణానికి మెదడుకు తగిలిన దెబ్బ స్వల్పమే కావచ్చు. అందుకే మనిషి తేరుకుని మామూలుగా మాట్లాడతాడు. కానీ అది ధమని నుంచి ఒత్తిడితో వచ్చే రక్తం కనుక గడ్డ పెరుగుతూనే ఉంటుంది. పెద్దవాళ్ల పుర్రెకు సాగే గుణం లేదు. కొంతసేపటి వరకు మెదడు చుట్టూ ఉండే ద్రవమూ సిరల్లోని రక్తమూ పక్కకు తప్పుకుని గడ్డకు చోటిస్తాయి. ఆ వెసులుబాటు అయిపోయాక మరికొద్ది మిల్లీలీటర్ల రక్తం చేరినా లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోతుంది. కొన్ని గంటలపాటు నిలకడగా కనిపించిన మనిషి చూస్తుండగానే చేజారిపోయేది ఇందువల్లనే.

అందరికీ ఈ మధ్యలో బాగున్న దశ ఉండదు. కానీ ఉన్నప్పుడు అది అందరినీ మోసగిస్తుంది, బాధితుడితో సహా. 2009 మార్చిలో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలోని క్యూబెక్‌లో స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయారు. పైకి గాయమేదీ కనబడలేదు, వైద్య సహాయం అక్కరలేదన్నారు. కొద్ది గంటల్లో పరిస్థితి విషమించింది, రెండు రోజుల తర్వాత మరణించారు. ఎపిడ్యూరల్ రక్తస్రావమే కారణమని శవపరీక్షలో తేలింది.

ముందే గుర్తించే వీలు తప్పకుండా ఉంది. అయితే ఒక్క క్షణంలో మనిషి ఎలా ఉన్నాడన్నది చూసి కాదు, గంట క్రితానికీ ఇప్పటికీ ఏ వైపు వెళుతున్నాడన్నది చూసి గుర్తించాలి. తలనొప్పి ఉండటం మామూలే. అది గంటగంటకూ పెరగడం మామూలు కాదు. ఒకసారి వాంతి అయినంత మాత్రాన భయపడనవసరం లేకపోవచ్చు. రెండోసారీ అయితే ఆస్పత్రికి వెళ్లవలసిందే. పడుకుంటానన్నవాణ్ని లేపితే కళ్లు తెరిచి, ఎక్కడున్నాడో, ఇంటికి ఎలా వచ్చాడో సక్రమంగా చెప్పగలగాలి. “ఊఁ” అని మళ్లీ కళ్లు మూసుకుంటే దాన్ని నిద్ర అనుకోకండి. మాట ముద్దగా రావడం, సరైన మాట అందక తడుముకోవడం, నడకలో తూలడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, కారణం లేకుండా చిరాకుపడి కలబడటం, ఫిట్స్ రావడం, ఇవన్నీ ఆలస్యం చేయకూడని సూచనలే.

చేతుల బలం చూడటానికి ఇంట్లోవాళ్లు చేయగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. కళ్లు మూసుకుని, అరచేతులు పైకి ఉండేలా రెండు చేతులూ ముందుకు చాచి, పది అంకెలు లెక్కపెట్టే వరకు అలాగే ఉంచమనండి. ఒక చెయ్యి తనకు తెలియకుండానే లోపలికి తిరుగుతూ కిందికి జారుతూ ఉంటే అటువైపు బలం తగ్గుతోందని అర్థం. కనుపాపలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కావడం గురించి అందరూ విని ఉంటారు. అది నిజమైన ప్రమాద సూచనే, కానీ ఆలస్యంగా వచ్చే సూచన. కనుపాపలు సమానంగా ఉన్నాయి కదా అని ధీమాగా కూర్చోవడానికి వీల్లేదు.

మీ తమ్ముడి విషయంలో, కాసేపైనా స్పృహ తప్పింది కనుక, బాగా మాట్లాడుతున్నప్పుడే ఆస్పత్రికి తీసుకువెళ్లవలసింది. స్పృహ తప్పినా, ప్రమాదం ఎలా జరిగిందో గుర్తులేకపోయినా ఇంట్లో పడుకోబెట్టి చూడటం సరికాదు.

ప్రశ్న: తలకు దెబ్బ తగిలినవారిని ఆ రాత్రంతా నిద్రపోనివ్వకూడదని పెద్దవాళ్లు అంటారు. నిజమేనా?

జవాబు: నిద్ర వల్ల గాయం ముదరదు. నిద్రలో ఉన్న మనిషిలో మార్పు ఎవరికీ కనబడదన్న భయంతో పుట్టిన మాట అది. ఆ భయంలో అర్థముంది కానీ, నిద్ర మానిపించడం దానికి పరిష్కారం కాదు. వైద్యుడు పరీక్షించి, ఇంటికి పంపవచ్చునని చెప్పిన తర్వాత నిద్రపోనివ్వవచ్చు. విశ్రాంతి మెదడుకు అవసరం కూడా. అయితే మొదటి 24 గంటలు ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. రాత్రి మధ్యలో లేపి చూడమని కొందరు వైద్యులు చెబుతారు, అక్కరలేదని కొందరు చెబుతారు. మీ వైద్యుడు ఏం చెబితే అది పాటించండి. లేపితే మాత్రం పూర్తిగా లేపండి. పక్కకు ఒత్తిగిల్లినంత మాత్రాన లేచినట్లు కాదు. ఎప్పుడూ లేని విధంగా గట్టిగా గురక పెట్టడం, ఊపిరి ఆగి ఆగి రావడం గమనిస్తే తెల్లవారే దాకా ఆగకండి.

ఇంకా వైద్యుడే చూడకముందు మనిషి మగతగా ఉంటే మాత్రం దాన్ని నిద్రగా లెక్కకట్టవద్దు. అలసిపోయిన మనిషి పడుకోవాలనుకోవడం వేరు, లేపినా మేలుకోలేకపోవడం వేరు.

ప్రశ్న: ప్రమాదం జరిగిన చోట ఒకరు నీళ్లు తాగించబోతారు, ఒకరు లేపి కూర్చోబెడతారు, ఒకరు హెల్మెట్ లాగేస్తారు. సాయం చేయాలనే అందరి ఉద్దేశం. నిజానికి ఏం చేయాలి?

జవాబు: ముందుగా అంబులెన్సుకు ఫోన్ చేయాలి, తర్వాత ఊపిరి ఆడుతోందో లేదో చూడాలి. తలకు గట్టి దెబ్బ తగిలినవారికి మెడ ఎముకకూ దెబ్బ తగిలి ఉండవచ్చునని అనుకునే తీరాలి. అందుచేత, వాహనాలు మీదికి వచ్చే ప్రమాదమో మంటలో లేనప్పుడు, మనిషిని కదిలించకుండా ఒకరు తలకు రెండు వైపులా చేతులు ఆన్చి మెడ కదలకుండా పట్టుకోవడం మేలు. వాంతి అవుతుంటే తలను మాత్రమే పక్కకు తిప్పకూడదు. ఇద్దరు ముగ్గురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా మొత్తం శరీరాన్ని పక్కకు తిప్పాలి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే అది మెదడు గాయం కంటే ముందు ప్రాణం తీస్తుంది. నీళ్లు తాగించకూడదనేదీ ఇందుకే. సగం స్పృహలో ఉన్న మనిషికి మింగడం సరిగా రాదు, పైగా వెంటనే ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండటమే మంచిది.

హెల్మెట్ ఊపిరికి అడ్డం కాకపోతే అలాగే ఉంచండి, తెలిసినవాళ్లు వచ్చి తీస్తారు. ఊపిరి ఆడక తీయవలసి వస్తే ఒకరు మెడను పట్టుకుని ఉండగా మరొకరు మెల్లగా తీయాలి. తల చర్మం నుంచి రక్తం చాలా ఎక్కువగా కారుతుంది. అది చూసి లోపలి గాయాన్ని అంచనా వేయకూడదు. శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకుంటే చాలావరకు ఆగుతుంది. ఎముక లోపలికి నొక్కుకుపోయినట్లు అనిపించిన చోట అదమకుండా పైన గుడ్డ కప్పి ఉంచాలి. గుచ్చుకున్న వస్తువును పెరకవద్దు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నోటి దగ్గర మద్యం వాసన వచ్చిందంటే చుట్టూ ఉన్నవాళ్ల ఆత్రుత సగం తగ్గిపోతుంది. తాగినవాడు తూలితే, మాట తడబడితే, మత్తుగా పడి ఉంటే మద్యం ప్రభావమే అనుకుంటారు. మెదడులో రక్తస్రావం జరిగినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. తాగి పడినవాడికి తలకు దెబ్బ తగిలే అవకాశం ఇతరుల కంటే ఎక్కువే తప్ప తక్కువ కాదు. “మత్తు దిగాక చూద్దాం” అనే మాట ఆస్పత్రి బయట ఎవరూ అనకూడనిది.

హెల్మెట్ ఉంది కాబట్టి తలకేమీ కాలేదనుకోవడం కూడా పొరపాటే. మోటారు సైకిలు హెల్మెట్ల మీద జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి చూసి కొక్రేన్ సంస్థ 2008లో ప్రకటించిన సమీక్ష ప్రకారం, అవి తల గాయాలను సుమారు 69 శాతం, మరణాలను సుమారు 42 శాతం తగ్గిస్తాయి. దానికి మించిన రక్షణ ఇంకొకటి లేదు. కానీ అది పుర్రెను కాపాడినంతగా, పుర్రె లోపల కదిలే మెదడును కాపాడలేదు. బస్సు హఠాత్తుగా ఆగినప్పుడు బస్సుకేమీ కాకపోయినా లోపలివాళ్లు ముందుకు తూలినట్లే, తల ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడు లోపల ఊగి, మెలితిరిగి, సాగుతుంది.

మీరు అంబులెన్సు వెంట వెళ్లగలిగితే వెళ్లండి. వెళ్లలేకపోతే చూసినదాన్ని కాగితం మీద రాసి ఇవ్వండి. పడగానే స్పృహ ఉందా, ఎంతసేపటికి తేరుకున్నాడు, మొదట ఏం మాట్లాడాడు, ఫిట్స్ వచ్చాయా, ఎన్నిసార్లు వాంతి అయింది, చేతులూ కాళ్లూ నాలుగూ కదిలాయా అన్న సంగతులు వైద్యుడికి ఏ స్కానింగూ చెప్పలేదు.

ప్రశ్న: ప్రమాదం తర్వాత మా అన్నయ్య కేస్ షీటులో ముందు “జి.సి.ఎస్. 15” అనీ, రెండు గంటల తర్వాత “13” అనీ రాశారు. 15కి 13 మంచి మార్కులే కదా అనుకున్నాం. కానీ వెంటనే రెండోసారి స్కానింగుకు తీసుకువెళ్లారు. ఎందుకు?

జవాబు: జి.సి.ఎస్. అంటే గ్లాస్గో కోమా స్కేల్, మనిషికి స్పృహ ఎంత ఉందో అంకెల్లో కొలిచే పద్ధతి. గ్లాస్గో నగరంలో పనిచేసిన గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు 1974లో దీన్ని ప్రకటించారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 చొప్పున మొత్తం 15. అన్నింటా కనీసం ఒక్కొక్కటి ఉంటుంది కనుక అత్యల్పం 3, సున్నా లేదు. 13 నుంచి 15 వరకు స్వల్ప గాయమనీ, 9 నుంచి 12 వరకు మధ్యస్థమనీ, 8 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రమనీ వర్గీకరిస్తారు.

దీన్ని పరీక్ష మార్కుల్లా చూడకూడదు. మొదటి నుంచీ 13 దగ్గర నిలకడగా ఉన్న మనిషి కంటే 15 నుంచి 13కు దిగిన మనిషి వైద్యుణ్ని ఎక్కువ కలవరపెడతాడు. ఒక్క పాయింటు తగ్గి అర గంటలో తిరిగి రాకపోయినా మళ్లీ పరీక్షించాలనే నియమం చాలా ఆస్పత్రుల్లో ఉంది. మీ అన్నయ్య విషయంలో వారు చేసినది సరైన పని.

ప్రశ్న: మా మామగారికి 74 ఏళ్లు. గుండె జబ్బుకు రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతున్నారు. స్నానాల గదిలో జారి తల గోడకు తగిలింది. వాపు కూడా రాలేదు, ఎవరమూ పట్టించుకోలేదు. నెల దాటాక ఆయన మతిమరుపుగా, మందకొడిగా అయిపోయారు. నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోతుంది, ఆయనకు తెలియదు. వయసు ప్రభావమే అనుకోవాలా?

జవాబు: అమ్మా, అనుకోవద్దు. ఈ సంచిక మీ చేతికి వచ్చేలోగానే ఆయనను చూపించమని మీకు విడిగా రాశాను; ఇతర పాఠకుల కోసం ఇక్కడ కారణం వివరిస్తాను.

వయసు పెరిగేకొద్దీ మెదడు కొంచెం కుంచించుకుపోయి, పుర్రెకూ దానికీ మధ్య ఖాళీ పెరుగుతుంది. మెదడు ఉపరితలం నుంచి పై పొరకు వెళ్లే సన్నని సిరలు దానితో బిగువుగా సాగి ఉంటాయి. చిన్న కుదుపుకు కూడా వాటిలో ఒకటి తెగవచ్చు. సిర నుంచి కారే రక్తం కనుక మెల్లగా చేరుతుంది, ఖాళీ ఎక్కువ కనుక చాలాకాలం వరకు ఇబ్బంది పెట్టదు. మూడు వారాలకో, నెలకో, ఇంకా తర్వాతో లక్షణాలు బయటపడతాయి. దీన్ని క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. మతిమరుపు, పగటిపూట మగత, ఒకవైపు కాలు ఈడ్చడం, చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోవడం, ఎప్పుడూ లేని తలనొప్పి, రోజుకో రకంగా ఉండే ప్రవర్తన, వీటిని చూసి ఇంట్లోవాళ్లు మతిమరుపు జబ్బు అనుకుంటారు, కొందరు పక్షవాతం అనుకుంటారు. తేడా ఎక్కడంటే, మతిమరుపు జబ్బు సాధారణంగా ఏళ్ల తరబడి ముదురుతుంది. ఇది వారాల్లో వస్తుంది. ఒక కాలి చెప్పే జారిపోతోందన్న మీ వాక్యం చాలా విలువైనది.

సి.టి. స్కానులో ఇది తేలిపోతుంది. అవసరమైతే పుర్రెకు చిన్న రంధ్రం చేసి, పలచబడిన పాత రక్తాన్ని తీసేస్తారు. చాలామంది మళ్లీ మునుపటిలా నడుస్తారు, మాట్లాడతారు. వృద్ధాప్యంలో వచ్చే మతిమరుపుల్లో నయం చేయదగ్గది దొరికిందంటే అది అదృష్టమే.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు తలకు దెబ్బ తగిలితే, లక్షణాలు లేకపోయినా అదే రోజు ఆస్పత్రిలో చూపించుకోవాలి. వాడుతున్న మందు పేరు, చివరి మోతాదు వేసుకున్న సమయం చెప్పాలి. కొన్ని మందులకు విరుగుడు ఉంటుంది. భయపడి మందును సొంతంగా ఆపేయకూడదు. ఆపితే గుండె వైపు నుంచి ముప్పు రావచ్చు. ఆ నిర్ణయం వైద్యుడికి వదలండి.

ప్రశ్న: మా పాప వయసు పది నెలలు. మంచం మీద నుంచి పడి ఏడ్చింది. నుదుటి మీద బొప్పి కట్టింది. డాక్టరుగారు రెండు మూడు గంటలు కూర్చోబెట్టి చూసి, స్కానింగ్ అక్కరలేదని పంపేశారు. నా మనసుకు సమాధానం లేదు. ఆయన నిర్లక్ష్యం చేశారా?

జవాబు: నిర్లక్ష్యం చేసేవారు మూడు గంటలు కూర్చోబెట్టరు. సి.టి. స్కానులో ఎక్స్‌రే కిరణాల మోతాదు ఉంటుంది, పసిపిల్లల విషయంలో దాన్ని అనవసరంగా ఇవ్వకూడదు. ఎవరికి అవసరమో తేల్చడానికి ఉత్తర అమెరికాలో 42 వేలకు పైగా పిల్లలను పరిశీలించి 2009లో కొన్ని ప్రమాణాలు ప్రకటించారు. రెండేళ్ల లోపు పిల్లలకైతే స్పృహలో మార్పు ఉందా, పుర్రె చిట్లినట్లు చేతికి తగులుతోందా, బొప్పి నుదుటి మీద కాకుండా తల పక్కలకో వెనకకో కట్టిందా, ఐదు సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ స్పృహ తప్పిందా, మూడడుగుల కంటే ఎత్తు నుంచి పడటం వంటి పెద్ద ప్రమాదమా అని చూస్తారు. వీటితోపాటు ఇంకో ప్రమాణం ఉంది: బిడ్డ ఎప్పటిలా లేదని తల్లిదండ్రులు అంటున్నారా? తల్లి మాటకు అంతటి స్థానం శాస్త్రీయంగానే దక్కింది. ఇవేవీ లేని బిడ్డకు లోపల ప్రమాదకరమైన గాయం ఉండే అవకాశం అత్యల్పం.

పసిపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు కనుక వాళ్ల అలవాట్లలో తేడాను గమనించాలి. పాలు వద్దనడం, ఎత్తుకున్నా ఆగకుండా ఏడవడం లేదా ఎప్పుడూ అల్లరి చేసే పిల్ల స్తబ్ధుగా పడి ఉండటం, చూపు కలపకపోవడం, పదే పదే వాంతులు, ఒక చెయ్యి వాడటం మానేయడం, ఏడవకుండా నిటారుగా కూర్చోబెట్టినప్పుడు కూడా మాడు ఉబ్బి బిగుసుకుని ఉండటం, ఇవి కనిపిస్తే తిరిగి తీసుకువెళ్లండి. తల పక్కన మెత్తగా, నీళ్లు నిండినట్లు వాపు మరునాడు తేలినా చూపించాలి. గట్టిగా ఉన్న నుదుటి బొప్పి చూడటానికి ఎంత పెద్దగా ఉన్నా సాధారణంగా భయపెట్టేది కాదు.

మీరు అడగలేదు కానీ, పెద్దవాళ్ల స్కానింగుకూ ఇలాంటి ప్రమాణాలే ఉన్నాయి. 2001లో కెనడా వైద్యులు రూపొందించినవి ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. దెబ్బ తగిలి కాసేపు స్పృహ తప్పినా, ఏమీ గుర్తులేకపోయినా, అయోమయపడినా, ఆ తర్వాత చాలావరకు తేరుకున్నవారికి వీటిని వాడతారు. రెండు గంటలు గడిచినా పూర్తి స్పృహ రాకపోవడం, రెండు లేదా అంతకంటే ఎక్కువ వాంతులు, 65 ఏళ్లు నిండిన వయసు, పుర్రె అడుగు భాగం చిట్లిన సూచనలు అందులో ముఖ్యమైనవి.

ప్రశ్న: కారు ప్రమాదంలో మావారి తలకు దెబ్బ తగిలింది. స్పృహ తప్పలేదు. కానీ ఆస్పత్రిలో “కారు ఎక్కడుంది?” అని అదే ప్రశ్న పదేపదే అడిగారు. స్కాన్ నార్మల్ అన్నారు. మూడు వారాలైంది. తలనొప్పి, వెలుతురు భరించలేకపోవడం, పడుకుని పక్కకు తిరిగితే గిర్రున తిరగడం, అన్నిటికీ మించి చీటికీ మాటికీ కోపం. ఎప్పుడూ మాట తూలని మనిషి. స్కాన్ బాగుంది కదా, ఇదంతా మనసులో పెట్టుకోవడం వల్లనేనని బంధువులు అంటున్నారు.

జవాబు: బంధువులు స్కానును అపార్థం చేసుకున్నారు. సి.టి. స్కాన్ రక్తస్రావాన్ని, ఎముక చిట్లడాన్ని, పెద్ద వాపును చూపిస్తుంది. మెదడు కణాల మధ్య తీగల్లా సాగే సన్నని పోగులు సాగి, వాటి రసాయనిక పనితీరు తాత్కాలికంగా అస్తవ్యస్తం కావడాన్ని అది చూపించలేదు. వైద్యులు దాన్ని కన్‌కషన్ అంటారు. నార్మల్ స్కాన్ అంటే ఆపరేషన్ అవసరమైనది ఏదీ లేదని అర్థం. మెదడుకు దెబ్బే తగల్లేదని అర్థం కాదు. స్పృహ తప్పనంత మాత్రాన కన్‌కషన్ కాదని కూడా చెప్పలేం, ఎందుకంటే కన్‌కషన్ అయినవారిలో ఎక్కువమందికి స్పృహ తప్పదు. అడిగిందే అడగడం కొత్త జ్ఞాపకాలు నిలవడం లేదనడానికి స్పష్టమైన గుర్తు. అప్పటికి ఆయన సమాధానం విన్నారు, అర్థం చేసుకున్నారు, నిమిషంలో అది చెరిగిపోయింది.

మీరు రాసిన లక్షణాలన్నీ ఒకే చోట నుంచి పుట్టినవి కాకపోవచ్చు, అందుకే విడివిడిగా చూడాలి. పడుకుని పక్కకు తిరిగినప్పుడు కొద్ది సెకన్లు గిర్రున తిరగడం చాలాసార్లు మెదడుది కాదు. లోపలి చెవిలోని సన్నని స్ఫటికాలు దెబ్బకు స్థానం తప్పడం వల్ల వస్తుంది. తలను ఒక క్రమంలో తిప్పి వాటిని యథాస్థానానికి చేర్చే చికిత్స ఉంది. చెవి, ముక్కు, గొంతు వైద్యుడో న్యూరాలజిస్టో కొద్ది నిమిషాల్లో చేస్తారు. అనవసరంగా నెలల తరబడి తల తిరుగుడు మాత్రలు మింగేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది. తలనొప్పి కొంత మెడ కండరాల నుంచి రావచ్చు. వాసన తెలుస్తోందో లేదో కూడా ఆయనను అడగండి. ముక్కు పైభాగాన జల్లెడ లాంటి ఎముక గుండా వెళ్లే నరాల పోగులు కుదుపుకు తెగిపోతే వాసన పోతుంది. చాలామంది దాన్ని రుచి పోయిందని చెబుతారు.

కోపం సంగతికి వస్తే, నుదుటి వెనక ఉండే మెదడు భాగం మన మాటకూ చేష్టకూ కళ్లెం వేస్తుంది. ఆ భాగం అలసినప్పుడు కళ్లెం సడలుతుంది. మీవారు కావాలని చేయడం లేదు, బహుశా తర్వాత ఆయనే నొచ్చుకుంటూ ఉంటారు. అయితే నిద్రలేమి, నొప్పి, ఉద్యోగం గురించిన బెంగ, ప్రమాదం తాలూకు భయం కూడా కోపాన్ని పెంచుతాయి. దిగులు ముదిరి బతుకు మీద విరక్తిగా మాట్లాడితే మాత్రం దాన్ని గాయంలో భాగంగానే భావించి వెంటనే వైద్యుడికి చెప్పాలి.

విశ్రాంతి గురించి పాత అభిప్రాయం మారింది. చీకటి గదిలో వారాల తరబడి పడుకోవడం వల్ల మేలు జరగదని తేలింది. మొదటి 24 నుంచి 48 గంటలు తేలికగా గడిపి, ఫోన్ తెరల వాడకం తగ్గించి, ఆ తర్వాత నడక వంటి చిన్న పనులతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకోవాలి. ఒక పని చేసినప్పుడు తలనొప్పి కొద్దిగా, కాసేపు పెరిగితే పరవాలేదు. బాగా పెరిగితే ఆ రోజుకు ఆపి మరునాడు తగ్గించి చేయాలి. ఉద్యోగానికి మొదట సగం పూట వెళ్లే ఏర్పాటు అడగడం మంచిది. ప్రతిస్పందన మునుపటిలా అయిందని వైద్యుడు చెప్పే వరకు వాహనం నడపకూడదు, మద్యం ముట్టకూడదు. పూర్తిగా కోలుకోకముందే మళ్లీ తలకు దెబ్బ తగిలితే కోలుకోవడం మరింత ఆలస్యమవుతుంది కనుక ఆటలకూ అదే నియమం.

ఎక్కువమంది కొద్ది వారాల నుంచి మూడు నెలల లోపు కోలుకుంటారు. మూడు వారాలకు మీవారికి ఈ లక్షణాలు ఉండటం అసాధారణమేమీ కాదు. మూడు నెలలు దాటినా తగ్గకపోతే న్యూరాలజిస్టుకు చూపించి, అవసరమైతే జ్ఞాపకశక్తి పరీక్షలు, ఎమ్మారై చేయించాలి. విపరీతమైన నీరసం, బరువులో మార్పు, అతిగా దాహం, ఎక్కువగా మూత్రం పోవడం ఉంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి హార్మోన్లూ చూడాలి. దాన్ని తరచుగా మరచిపోతుంటాం. మధ్యలో ఎప్పుడైనా తలనొప్పి తగ్గుతూ ఉన్నది తిరగబెట్టి పెరగడం మొదలైతే, మొదటి స్కాన్ నార్మల్ అన్న సంగతి పక్కన పెట్టి మళ్లీ వెళ్లండి. ఆ స్కాన్ ఆ రోజుకే సాక్ష్యం.

ప్రశ్న: ప్రమాదం జరిగి నాలుగు రోజులైంది. ముందుకు వంగితే ముక్కులో ఒకవైపు నుంచి నీళ్లలాంటిది బొట్లుబొట్లుగా పడుతోంది. గొంతులో ఉప్పగా ఉంటోంది. జలుబు మాత్రలు వేసుకుంటున్నాను. కళ్ల చుట్టూ నల్లగా కమిలింది కూడా. తగ్గిపోతుందా?

జవాబు: జలుబు మాత్రలు ఆపండి. ఇది జలుబు కాకపోవచ్చు. పుర్రె అడుగు భాగం చిట్లినప్పుడు మెదడు చుట్టూ ఉండే ద్రవం ముక్కు గుండా గానీ చెవి గుండా గానీ కారుతుంది. ఒకే వైపు నుంచి, వంగినప్పుడు, చీమిడిలా జిగట లేకుండా, ఉప్పగా కారడం దాని లక్షణం. రెండు కళ్ల చుట్టూ కమిలిపోవడం, చెవి వెనక ఎముక మీద ఒకటి రెండు రోజుల తర్వాత నీలం మచ్చ తేలడం కూడా అదే గాయానికి గుర్తులు. ద్రవం బయటకు వచ్చే దారిన క్రిములు లోపలికి పోయి మెదడు పొరల వాపు రావచ్చు. చాలావరకు ఆ చీలిక దానంతట అదే మూసుకుంటుంది, కానీ అది వైద్యుల పర్యవేక్షణలో జరగాలి.

ఈలోగా ముక్కు గట్టిగా చీదకండి, దూది పెట్టి మూయకండి, ముక్కులో మందు చుక్కలు వేసుకోకండి. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. తల కొంచెం ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. ఇవన్నీ ఆస్పత్రికి చేరేలోపు తీసుకునే జాగ్రత్తలే తప్ప చికిత్స కాదు. న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రికి ఈరోజే వెళ్లండి, వీలైతే ఆ ద్రవం కొద్దిగా శుభ్రమైన సీసాలో పట్టి తీసుకువెళ్లండి. అది ఏమిటో పరీక్ష చేసి చెప్పగలరు. జ్వరం గానీ, మెడ బిగుసుకుపోవడం గానీ మొదలైతే రేపటి దాకా కూడా ఆగవద్దు, రాత్రి అయినా సరే అత్యవసర విభాగానికే వెళ్లండి.